హాలిడే హోమ్‌కి డిపాజిట్ తీసుకోవడం: నా అనుభవం

అమ్మానాన్న పోయాక వాళ్ల ఇల్లు రెండేళ్లు తాళం వేసే ఉంచాం. అమ్మడానికి మనసు ఒప్పలేదు, నెలవారీ అద్దెకిస్తే మేం ఎప్పుడైనా వెళ్లి నాలుగు రోజులు ఉండడానికి కుదరదు. అందుకని నేనూ మా చెల్లీ కలిసి సెలవులకి వచ్చేవాళ్లకి రెండు రాత్రులు, వారం, పది రోజులు ఇలా ఇవ్వడం మొదలుపెట్టాం. బుకింగులు, గెస్టులతో మాట్లాడడం నా పని. లెక్కలు తన పని.

మొదటి ఆరు నెలలు డిపాజిట్ మాటే మేం ఎత్తలేదు. అడిగితే వేరే ఇల్లు చూసుకుంటారేమోనని భయం. వచ్చినవాళ్లు కూడా మంచివాళ్లే, ఒక గ్లాసు పగిలితే వాళ్లే చెప్పి, కొత్తది కొని పెట్టి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఇప్పటికీ నా లెక్కలో ఎక్కువమంది అలాంటివాళ్లే, కాబట్టి నేను రాసేది చదివి గెస్టులందరి మీదా అనుమానం పెంచుకోకండి.

తర్వాత ఒక కుటుంబం ఐదు రాత్రులు ఉండి వెళ్లింది. మర్నాడు, ఇల్లు శుభ్రం చేయడానికి మేం పెట్టుకున్న పనావిడ (అక్క అని పిలుస్తాం) ఫోన్ చేసి "నువ్వే ఒకసారి వచ్చి చూడమ్మా" అంది. ఆ గొంతు వినగానే ఏదో అయిందని అర్థమైంది. వెళ్లి చూస్తే భోజనాల బల్ల మీద నల్లగా గుండ్రటి మచ్చ. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా చెక్క మీద పెట్టేశారు. ఆ బల్ల నాన్న దగ్గరుండి చేయించుకున్నది, మా చదువులన్నీ దాని మీదే సాగాయి. గెస్ట్‌కి ఫోన్ చేశాను. "మేం వచ్చేటప్పటికే ఉందండీ" అన్నారు. లేదని నాకు తెలుసు, కానీ వాళ్లు దిగడానికి ముందు బల్ల ఎలా ఉందో చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు. మాట మీద మాట పెరిగింది, చివరికి ఫోన్ పెట్టేశారు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను, డబ్బు గురించి కాదు.

దాని తర్వాత రెండు పనులు చేశాం. మొదటిది, పోతే తట్టుకోలేని వస్తువు ఏదీ ఆ ఇంట్లో ఉంచకూడదని అనుకుని బల్ల, అమ్మ కుట్టు మిషన్, గోడ మీది పాత ఫోటోలు మా ఇంటికి తెచ్చేసుకున్నాం. డిపాజిట్ గురించి ఎవరైనా నన్ను అడిగితే ముందు ఇదే చెబుతాను, ఎంత తీసుకున్నా కొన్ని వస్తువులకి ఆ డబ్బు సరిపోదు. రెండోది, డిపాజిట్ అడగడం మొదలుపెట్టాం.

మొదట్లో మేం చేసిన పద్ధతి చాలామంది చేసేదే. ఒక రాత్రి అద్దెకి సమానమైన మొత్తం బుకింగ్‌తో పాటే మా బ్యాంకు ఖాతాలోకి పంపమనేవాళ్లం, వెళ్లాక తిరిగి పంపేవాళ్లం. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ బుకింగ్ మూడు నెలల ముందు జరిగితే గెస్ట్ డబ్బు మూడు నెలలు మన దగ్గర ఊరికే పడి ఉంటుంది, బుకింగ్ రద్దయితే అద్దె రీఫండ్ ఒక లెక్క, డిపాజిట్ ఇంకో లెక్క. మా చెల్లి మొదటి నెలలోనే గట్టిగా పట్టుబట్టి దీనికి వేరే ఖాతా తెరిపించింది. "అక్కా, ఇది మన ఆదాయం కాదు, మనం వాళ్లకి బాకీ ఉన్న డబ్బు, డ్యామేజ్ కింద పట్టుకున్న రోజునే అందులో ఆ ముక్క మనదవుతుంది" అంది. అప్పుడు నాకది అతిగా అనిపించింది. కానీ ఒక నెల బుకింగులు తగ్గి, నీళ్ల మోటారు కాలిపోయి, చేతిలో డబ్బు లేని సమయంలో అద్దె, డిపాజిట్ ఒకే ఖాతాలో ఉండి ఉంటే నేను తప్పకుండా అందులోంచి వాడేసేదాన్ని. అప్పుడు నలుగురు గెస్టులకి తిరిగి ఇవ్వాల్సిన మొత్తం ఆ ఖాతాలో భద్రంగా ఉంది.

ఇంకో ఇబ్బంది, తిరిగి పంపడంలో ఆలస్యం. నాకు పని ఎక్కువైతే రెండు రోజులు, మూడు రోజులు గడిచిపోయేవి. మనకి అది చిన్న ఆలస్యం, అవతలి వాళ్లకి మాత్రం డబ్బు వస్తుందో రాదోనని టెన్షన్. ఒకావిడ నాలుగో రోజు "ఇల్లు చాలా బాగుందండీ, కానీ డిపాజిట్ కోసం ఇన్నిసార్లు అడగాల్సి రావడం బాధగా ఉంది" అని రాశారు. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. క్షమించమని రాసి అప్పటికప్పుడు పంపాను, కానీ ఆవిడ మళ్లీ రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చెప్పడానికి కష్టమైన సంగతి. బల్ల గొడవ తర్వాత నేను ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ప్రతి గది నాలుగు మూలల నుంచి, సింకులు, పరుపులు, టీవీ, పొయ్యి. ఒక జంట మూడు రాత్రులు ఉండి వెళ్లాక బాత్రూమ్ సింక్‌లో సన్నటి పగులు కనిపించింది. వెంటనే ఫోటో తీసి పంపి, డిపాజిట్‌లో సగం పట్టుకుంటున్నానని రాశాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా "మేం అసలు గమనించలేదండీ, మా వల్ల అయ్యిందని అనుకోవడం లేదు, కానీ మీరు అలా అంటే సరే" అని జవాబిచ్చాడు. నాకది ఒప్పుకోవడంలా అనిపించింది. రెండు వారాల తర్వాత వేరే పని మీద పాత ఫోటోలు వెతుకుతుంటే ఆ జంటకంటే రెండు బుకింగుల ముందు తీసిన ఒక ఫోటోలో అదే సింక్, వెలుతురు పక్కనుంచి పడుతోంది, అదే పగులు. అప్పటికింకా చిన్నది, కానీ ఉంది. అంటే వాళ్లు రాకముందే ఉంది. నా దగ్గరున్న ఫోటోలే నేను చూసుకోకుండా ఒకరి డబ్బు పట్టుకున్నాను. ఆ రోజే వాళ్లకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పి, మొత్తం తిరిగి పంపాను, ఆ ఫోటో కూడా పంపాను. ఆ అమ్మాయి ఫోన్‌లో "పోనీలెండి, మీరే చెప్పారు కదా" అంది. ఆ మాటకి నాకు ఇంకా సిగ్గేసింది. నాన్న బల్ల దగ్గర "నా మాట నమ్మలేదు" అని అంత బాధపడిన నేను, ఇంకొకరి మాట నమ్మడానికి ఒక్క నిమిషం ఆగలేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గెస్ట్‌కి డ్యామేజ్ గురించి రాసే ముందు, వాళ్లు దిగడానికి ముందు తీసిన ఫోటో, వెళ్లాక తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే కోణం నుంచి, ఒకే వెలుతురులో ఉంటేనే పోలిక కుదురుతుంది, అందుకే ఎక్కడ నిలబడి తీయాలో అక్కకి కూడా చూపించాను. ఇప్పుడు తనే తీస్తుంది, నాకంటే జాగ్రత్తగా. ఫోటోలకంటే ఒక చిన్న వీడియో ఇంకా మేలు, గుమ్మం నుంచి మొదలుపెట్టి ఆపకుండా ఇల్లంతా తిరిగితే రెండు నిమిషాలు పడుతుంది, ఏదీ వదిలిపోదు. గెస్ట్ దిగిన రోజున కూడా ఒక మెసేజ్ పెడతాను, ఏదైనా పగిలినా, మచ్చ ఉన్నా, పనిచేయకపోయినా ఈ రోజే ఫోటో తీసి పంపండి, అది మీ మీద పడకుండా ఉంటుంది అని. చాలామంది పంపుతారు. దానివల్ల మనకి తెలియని రిపేర్లు కూడా బయటపడతాయి.

ఖాతాలోకి పంపించుకునే పద్ధతి మానేసి కార్డు మీద హోల్డ్ పెట్టే పద్ధతికి మారాం. ఇది మాకు ఎవరూ సరిగా చెప్పలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ప్రీ ఆథరైజేషన్ అంటే డబ్బు మన దగ్గరికి రాదు, గెస్ట్ కార్డులో అంత మొత్తాన్ని బ్యాంకు పక్కన పెట్టి ఉంచుతుంది. ఏమీ కాకపోతే హోల్డ్ వదిలేస్తాం, డ్యామేజ్ ఉంటే అందులోంచి కావలసినంత ముక్క తీసుకుంటే మిగతాది విడుదలవుతుంది. క్రెడిట్ కార్డు అయితే గెస్ట్‌కి లిమిట్ తగ్గుతుంది అంతే. డెబిట్ కార్డు అయితే ఖాతాలో వాడుకోగలిగే డబ్బే తగ్గిపోతుంది, మనం వదిలేసిన తర్వాత కూడా బ్యాంకు చూపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. సెలవుకి వచ్చిన మనిషికి చేతిలో డబ్బు తగ్గడం చిన్న విషయం కాదు, ఈ మాట బుకింగ్ అప్పుడే చెప్పాలి.

నేను చేసిన పెద్ద పొరపాటు ఈ హోల్డ్ ఎన్నాళ్లుంటుందో చూసుకోకపోవడం. ఆన్‌లైన్‌లో తీసుకునే హోల్డ్ సాధారణంగా 7 రోజుల్లో దానంతట అదే పోతుంది. కార్డు రకాన్ని బట్టి, పేమెంట్ కంపెనీ దగ్గర మన వ్యాపారం ఏ కేటగిరీలో నమోదైందో దాన్ని బట్టి కొన్నిసార్లు ఎక్కువ ఉండవచ్చు, వసతి వ్యాపారాలకి కొన్ని కార్డుల్లో నెల దాకా కూడా ఇస్తారు, కానీ అది మనకి వర్తిస్తుందో లేదో అడిగి రాతలో తెచ్చుకోవాలి. నాకు ఇదేమీ తెలియదు. పది రాత్రుల బుకింగ్‌కి, గెస్ట్ దిగడానికి రెండు రోజుల ముందు హోల్డ్ పెట్టాను. వాళ్లు వెళ్లాక గదిలో ఏసీ రిమోట్ లేదు, కర్టెన్ రాడ్ గోడలోంచి ఊడి వచ్చింది, గోడ పెచ్చులూడింది. ధైర్యంగా కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే హోల్డ్ ఎప్పుడో గడువు తీరిపోయింది. తీసుకోవడానికి ఏమీ లేదు. గెస్ట్‌ని అడిగితే మొదట చూస్తామన్నారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం.

ఇప్పుడు గెస్ట్ దిగే రోజుకి ఒక రోజు ముందు హోల్డ్ పెడతాను. వెళ్లే రోజుకి హోల్డ్ గడువు తీరిపోయేలా ఎక్కువ రోజులు ఉండేవాళ్లకి మధ్యలో పాతది వదిలేసి కొత్తది పెడతాను, ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పి ఒప్పుకుంటేనే. చెప్పకుండా చేస్తే రెండు హోల్డులు ఒకేసారి కనిపించి గెస్ట్ కంగారు పడతారు, నాకు ఒకసారి అర్ధరాత్రి ఫోన్ వచ్చింది.

హోల్డ్ నుంచి డబ్బు తీసుకున్నాం కదా, పని అయిపోయిందని కూడా అనుకోకూడదు. కార్డు ఉన్నవాళ్లు బ్యాంకుకి వెళ్లి ఈ చార్జ్ నాకు సమ్మతం కాదని చెబితే చార్జ్‌బ్యాక్ వస్తుంది, అంటే బ్యాంకు ఆ డబ్బు మన దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంటుంది, దానికి సాధారణంగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది. అంటే నాలుగు నెలలు. మాకు ఒకటి మూడో నెలలో వచ్చింది. తాళంచెవులు పోగొట్టిన గెస్ట్, తాళం మార్చిన ఖర్చు తీసుకున్నాం. అప్పుడు పనికొచ్చినవి ఏమిటంటే, బుకింగ్ అప్పుడు గెస్ట్ ఒప్పుకున్న షరతులు (తాళంచెవి పోతే తాళం మార్చే ఖర్చు వారిదేనని అందులో ఒక వాక్యం ఉంది), తాళం మార్చిన అతను ఇచ్చిన బిల్లు, అన్నిటికంటే ముఖ్యంగా గెస్ట్ తనే "సారీ అండీ, తాళంచెవి ఎక్కడో పడిపోయింది" అని పెట్టిన మెసేజ్. ఆ మూడూ పంపితే మాకే అనుకూలంగా వచ్చింది. ఫోన్‌లో మాట్లాడి ఉంటే ఆ మాట ఎక్కడా ఉండేది కాదు. అందుకే ఇప్పుడు ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా తర్వాత రెండు లైన్లు మెసేజ్ పెడతాను, "ఇప్పుడు మనం అనుకున్నది ఇదీ" అని.

ఇదంతా గెస్ట్ నేరుగా మా దగ్గర బుక్ చేసుకున్నప్పటి సంగతి. ప్లాట్‌ఫామ్ (ఇళ్లు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే సైట్) ద్వారా వచ్చే బుకింగులకి వాళ్ల నియమాలు వేరు. ఎయిర్‌బీఎన్‌బీలో సాధారణ ఓనర్లు గెస్ట్‌ని బయట విడిగా డిపాజిట్ అడగడానికి వీల్లేదు. దాని బదులు ఎయిర్‌కవర్ అని ఉంటుంది, అందులో డ్యామేజ్‌కి రక్షణ 30 లక్షల డాలర్ల వరకు అని చెబుతారు. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండిపోకండి, మనకి నిజంగా కావలసిన అంకె 14. గెస్ట్ వెళ్లిన 14 రోజుల్లోపు ఫోటోలు, బిల్లులు లేదా కొటేషన్లతో అడగాలి. ముందు ఆ విన్నపం గెస్ట్‌కి వెళ్తుంది, వాళ్లకి 24 గంటలు టైమ్, వాళ్లు ఇవ్వకపోతే అప్పుడు కంపెనీని కలగజేసుకోమనాలి. మామూలు అరుగుదలకి ఇవ్వరు. నా సలహా, 14 రోజులున్నాయి కదా అని కూర్చోవద్దు. తర్వాతి గెస్ట్ దిగిపోయాక ఆ మచ్చ ఎవరిదని అడిగితే మీరు చెప్పలేరు. మేం గెస్ట్ వెళ్లిన రోజే ఫోటోలు తీసి, రెండో రోజుకల్లా కొటేషన్ తెప్పిస్తాం.

అరుగుదల అన్నాను కదా, దాని మీద నాకూ చెల్లికీ ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. ఒక గెస్ట్ వెళ్లాక పరుపు మీద పెద్ద కాఫీ మరక, లోపలికి ఇంకిపోయింది, ఎంత ఉతికినా పోయేది కాదు. కొత్త పరుపు బిల్లు మొత్తం అడుగుదామని నేను. చెల్లి ఒప్పుకోలేదు. "ఆ పరుపు కొని ఐదేళ్లయింది, పదేళ్లు వస్తుందనుకుంటే సగం మనమే వాడేసుకున్నాం, వాళ్లు పాడు చేసింది మిగతా సగమే" అంది. నేను ఒక పూట అలిగాను. తర్వాత ఆలోచిస్తే తనదే న్యాయం. సగమే అడిగాం, ఎందుకు సగమో కూడా రాశాం, కొన్నప్పటి బిల్లు జత చేశాం. గెస్ట్ పది నిమిషాల్లో సరే అన్నారు. మొత్తం అడిగి ఉంటే గొడవ అయ్యేదని నాకు గట్టి నమ్మకం. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువు కొన్నా బిల్లు ఫోటో తీసి, కొన్న తేదీతో ఒక ఫైల్లో పెట్టుకుంటున్నాం. అన్ని పరుపులకీ నీళ్లు దిగని కవర్లు కూడా వేశాం, ఇది ముందే చేయాల్సింది.

గోడ మీద బూటు గీత, ఒక కప్పు, ఒక చెంచా, వాడి వాడి వదులైన తలుపు పిడి, వీటికి మేం ఎవరినీ అడగం. మనుషులు ఉండే ఇల్లు అంటే అంతే, ఆ ఖర్చు అద్దెలోనే ఉంది. ఇంట్లో పొగ తాగి కర్టెన్లన్నీ వాసన పట్టిస్తే అడుగుతాం, చెప్పినవాళ్లకంటే ఎక్కువమందిని తెచ్చి పార్టీ చేసి ఇల్లు పాడు చేస్తే అడుగుతాం. అదనపు క్లీనింగ్ ఖర్చుని డ్యామేజ్‌తో కలిపేయకుండా విడిగా, అక్క ఎన్ని గంటలు ఎక్కువ పనిచేసిందో రాసి అడుగుతాం, ఆ డబ్బు అక్కకే వెళ్తుంది.

డిపాజిట్ ఎంత పెట్టాలనే దానికి మాకు దారి చూపించింది ఇన్సూరెన్స్. మామూలు ఇంటి పాలసీల్లో చాలావాటిలో డబ్బు కట్టి ఉండే గెస్టుల వల్ల జరిగే నష్టం ఉండదు, మా పాతదానిలోనూ లేదని అడిగాకే తెలిసింది. ఇలా అద్దెకిచ్చే ఇళ్లకి వర్తించే పాలసీ తీసుకున్నాం. అందులో ప్రతి క్లెయిమ్‌కి మొదట కొంత మొత్తం మనమే భరించాలి. ఆ మొత్తానికి సమానంగా డిపాజిట్ పెట్టాం. చిన్న నష్టమైతే డిపాజిట్‌లో సర్దుకుంటుంది, పెద్దదైతే మనం పెట్టుకోవాల్సిన భాగం డిపాజిట్ నుంచి, మిగతాది ఇన్సూరెన్స్ నుంచి. అంతకుముందు మనసుకి తోచిన అంకె పెట్టేదాన్ని, గెస్ట్ ఎందుకంత అని అడిగితే తడబడేదాన్ని. ఇప్పుడు కారణం చెప్పగలుగుతున్నాను, చెబితే వింటున్నారు.

కొందరు ఓనర్లు డిపాజిట్ బదులు తిరిగి ఇవ్వని చిన్న డ్యామేజ్ ఫీజు తీసుకుంటారు. గెస్ట్‌కి పెద్ద మొత్తం ఆగిపోదు, మనకి హోల్డుల గొడవ ఉండదు. వారం వారం నాలుగైదు ఇళ్లు నడిపేవాళ్లకి అదే నయం కావచ్చు. నాకు మాత్రం నచ్చలేదు, ఇల్లు అద్దంలా ఉంచి వెళ్లినవాళ్లు కూడా ఎవరో చేసిన నష్టానికి కట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు గెస్ట్ బయల్దేరిన రోజు మధ్యాహ్నం అక్క వీడియో పంపుతుంది, నేను పాతదానితో పోల్చి చూస్తాను, ఏమీ లేకపోతే సాయంత్రం లోపే హోల్డ్ వదిలేసి "వదిలేశామండీ, మీ బ్యాంకులో కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఇల్లు ఇంత బాగా ఉంచినందుకు థాంక్స్" అని రాస్తాను. ఏదైనా ఉంటే అదే రోజు చెప్పేస్తాను, డబ్బు మాత్రం గెస్ట్ జవాబు విన్నాకే తీసుకుంటాను. సింక్ సంగతి నాకు ఇంకా గుర్తుంది.

ఎల్లుండి ఒక పెద్ద కుటుంబం దిగుతోంది, తొమ్మిది రాత్రులు. హోల్డ్ రేపు పెట్టాలి, ఆరో రోజున మార్చాలి. ఆ సంగతి వాళ్లకి పోయిన వారమే రాశాను, సరేనన్నారు. పిల్లలున్నారట, భోజనాల బల్ల మీద గీతలు పడితే ఏమంటారని ముందే అడిగారు. ఇప్పుడు అక్కడ ఉన్నది మామూలు బల్లే, వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి ఆరు చెక్క ముక్కలు అందుబాటులో ఉంచాం, నిశ్చింతగా వాడుకోమని రాశాను.